వెనక బల్ల మీంచి పిలుపు

మొన్న రేపల్లె వెళ్ళాను. తెనాలిలో రైలు మారి, కిటికీ పక్కన చోటు దొరికాక, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దాయన రెండుసార్లు సంచి వంక చూశాడు. నాకదొక జబ్బు. ఎవరైనా నా సంచి వంక చూస్తే ఎందుకు చూస్తున్నాడా అనిపిస్తుంది, చూడకపోతే చూడనట్టు ఎందుకు నటిస్తున్నాడా అనిపిస్తుంది. నిజానికి అందులో దొంగిలించడానికేమీ లేదు. కళ్ళజోడు, మంచినీళ్ళ సీసా, ఒక పాత కాయితం. బాపట్ల ఇంట్లోంచి ఎప్పుడో తెచ్చుకున్న రేకుపెట్టె సర్దుతుంటే, ఒక లెక్కల పుస్తకం అట్టలో దొరికింది అది. నిండా చిన్న చిన్న సున్నాలు, వాటిల్లో కొన్ని పెన్సిలుతో నింపినవి, పై అంచున ఒకచోట ఎర్ర సిరాతో చుట్టిన గీత. అది కంటబడ్డ దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. దాన్ని రత్నకి చూపించాలని బయల్దేరాను. చూపిస్తానో, చూపించకుండానే కాఫీ తాగి తిరుగు రైలెక్కేస్తానో అప్పటికి నాకే తెలియదు.

అనుమానం మా ఇంటి ఆడవాళ్ళకి మామ్మ ఇచ్చిపోయిన ఆస్తి. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. పొద్దున్నే పాలవాడు వస్తే, వాడి తపేలా బోర్లించి చూపించనిదే గేదె దగ్గరికి వెళ్ళనిచ్చేది కాదు. పాలు పితికాక బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసి, అది జారుతోందా నిలుస్తోందా అని చాలాసేపు చూసేది. ఆవకాయ జాడీలకి వాసెనగుడ్డ కట్టేటప్పుడు తనకి మాత్రమే తెలిసిన ముడి ఒకటి వేసేది. మర్నాడు ఆ ముడి వేరుగా కనిపిస్తే ఇంక ఆ రోజు మా పని అయినట్టే, ఒక్కొక్కరి చెయ్యీ వాసన చూసేది. మడిబట్టల పచ్చివాసనా, కుంపటి బొగ్గువాసనా, ఇంగువ డబ్బా వాసనా కలిసిన ఆ వంటింట్లో నేను నేర్చుకున్న మొదటి విద్య ఎదుటి మనిషి మొహం చదవడం. పోస్టుకార్డు వస్తే రాసిందేమిటో కాదు, రాయకుండా వదిలేసిందేమిటో వెతకాలని మామ్మ నాకు చెప్పింది. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను.

తాతయ్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. లోకంలో అందర్నీ నమ్మేవారు. ఆయనకి ఉన్న పట్టింపు ఒక్కటే. కాయితం ఏదైనా సరే, సరుకుల చీటీ అయినా సరే, పైన మధ్యలో ‘శ్రీరామ’ అని రాయాలి, కుడిమూల తేదీ వెయ్యాలి, ఒకసారి కళ్ళకద్దుకోవాలి, ఆ తరవాతే మిగతా రాత. “మొదటిమాట ఆయనది కానియ్యవే అమ్మడూ, తక్కినవన్నీ నీవేగా” అనేవారు. పలక మీద అక్షరాలు దిద్దిన నాటి నుంచి డిగ్రీ పరీక్షల దాకా నేను ఒక్క కాయితం కూడా ఆ మాట లేకుండా మొదలుపెట్టలేదు. అది భక్తి అని చెప్పను. చెప్పులు విప్పి ఇంట్లోకి రావడం భక్తా? చెయ్యి దానంతటదే రాసేది.

రత్న నాతో బాపట్లలో డిగ్రీ చదివింది. పిట్టలవానిపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళకి మాగాణి ఉంది, ఇంటి ముందు రెండు గడ్డివాములు, వాళ్ళ నాన్న సాంబయ్యగారు మాటకి కట్టుబడే మనిషని ఊళ్ళో పేరు. రత్న మాట్లాడితే వీధి చివరికి వినపడేది, నవ్వితే మామ్మ జపం ఆగిపోయేది. మా వసారాలో చాప వేసుకుని ఇద్దరం చదువుకునేవాళ్ళం. లెక్కలు నేను చెప్పేదాన్ని, ఇంగ్లీషు వ్యాసాలు తను చక్కగా రాసేది. తను మామ్మతో “మామ్మగారండీ, మీ మజ్జిగలో ఏం వేస్తారండి, మా ఇంట్లో ఈ రుచి రాదు” అనేది. తను వెళ్ళాక మామ్మ నన్ను పిలిచి, ఆ పిల్ల అంత తియ్యగా ఎందుకు మాట్లాడుతోందో కనుక్కోమనేది.

ఎంబీయే అంటే ఏమిటో మా ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ఏదో పని మీద నాన్నతో ఒక ఆఫీసుకి వెళ్ళినప్పుడు, అద్దాల గదిలో ఒకావిడ కుర్చీలో కూర్చుని ఇద్దరు మగవాళ్ళని నిలబెట్టి మాట్లాడటం చూశాను. ఆవిడ ఏం చదివిందని అడిగితే ఎంబీయే అన్నారు. అంతే, నాకు ఆ చదువు కావాలి. రత్నకి చెప్పాను, తనకీ కావాలి. ప్రవేశ పరీక్ష రాయాలి, మంచి ర్యాంకు వస్తే యూనివర్సిటీలో సీటు. నాన్న ఒక షరతు పెట్టారు. రెండుసార్లు రాయనిస్తాను, రెండోసారీ రాకపోతే నోరెత్తకుండా బి.ఎడ్. చదివి తను చూపించిన బళ్ళో పంతులమ్మగా చేరాలని. సాంబయ్యగారు అయితే ‘పంతులుగారి మనవరాలు కూడా ఉంది కదా’ అనే ఒక్క ధైర్యంతో కూతురికి సరేనన్నారు. అంటే మా ఇద్దరి భవిష్యత్తూ ఒకే తాడుకి కట్టి ఉంది.

పరీక్ష గుంటూర్లో. మిషను దిద్దే పరీక్ష రాయడం మాకదే మొదలు. ప్రశ్నల పుస్తకం వేరు, సున్నాలు నింపే కాయితం వేరు. హాల్‌టికెట్ల నంబర్లు వరసగా వచ్చాయి కాబట్టి నేను ముందు బల్ల మీద, రత్న సరిగ్గా నా వెనక. కాయితం చేతికి రాగానే నా అలవాటు ప్రకారం పైన శ్రీరామ రాసి కళ్ళకద్దుకున్నాను. ఆ తరవాత పర్యవేక్షణకి వచ్చిన సారు ఇంగ్లీషులో సూచనలేవో చదువుతున్నారు. నేను వినలేదు. ఎందుకు వినలేదంటే, కిటికీ పక్కన ఒకడు మోచేతి కింద ఏదో దాచుకుంటున్నట్టు అనిపించి వాణ్ణి గమనిస్తున్నాను. చివరికి అది జేబురుమాలు. సారు చదవడం ముగించారో లేదో, వెనకనుంచి మెల్లగా వినపడింది, “వసూ...” అని. నేను కదల్లేదు. కాసేపాగి మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, “వసూ...” అని.  ఇంకా మొదటి ప్రశ్న చదవకముందే సాయం అడుగుతోందా అనుకున్నాను. ఎడమ చెయ్యి కాయితం చుట్టూ గోడలా పెట్టుకుని, వీపు ఒంచి, మూడు గంటలూ అలాగే రాశాను. బయటికొచ్చాక తను ఏదో చెప్పబోతే, బస్సు పోతుందని తొందరపెట్టాను. బస్సులో వేరే సీట్లో కూర్చున్నాను.

ఫలితాలొచ్చాయి. రత్నది యూనివర్సిటీలో సీటొచ్చే ర్యాంకు. నాది చెప్పుకోవడానికి సిగ్గేసే ర్యాంకు. నేను పేపర్లో నంబరు నాలుగుసార్లు చూశాను, నాన్న కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తాతయ్య నా తల నిమిరారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. లెక్కలు చెప్పిందెవరు? ఉదయం ఐదింటికి లేచి చదివిందెవరు? మామ్మ వత్తులు చేసుకుంటూ, తల ఎత్తకుండా, హాల్లో నీ వెనక కూర్చున్నదెవరే అని అడిగింది. రత్న అన్నాను. “ఊఁ” అంది. ఆ ఒక్క ‘ఊఁ’ నాకు చాలింది. ఆ సాయంత్రానికల్లా వెనకనుంచి వినపడిన రెండు పిలుపులూ మామ్మకి చెప్పేశాను. మామ్మ పక్కింటావిడకి చెప్పింది. పక్కింటావిడ అక్కగారిని ఇచ్చింది పిట్టలవానిపాలెమే.

వారం తిరక్కుండా సాంబయ్యగారు వచ్చారు. తెల్లటి పంచె, ఉతికిన కండువా, చేతిలో గొడుగు. లోపలికి రమ్మన్నా రాలేదు, వసారాలో చెప్పులు విప్పి నిలబడ్డారు. ఇంట్లో నాన్న లేరు, తాతయ్య నిద్రపోతున్నారు. మామ్మ తలుపు చాటున ఉందని నాకు తెలుసు. ఆయన నా మొహంలోకి సూటిగా చూసి అడిగారు, “అమ్మా, మా పిల్ల నీ కాయితం చూసి రాసిందంటన్నారు. నేను ఎవరినీ అడగలేదు, నిన్నే అడుగుదామని వచ్చా. నువ్వు లేదంటే లేదు.”

నేను లేదనొచ్చు. నా చెయ్యి అడ్డుగా ఉంది కాబట్టి చూడలేదని అనొచ్చు, అది నిజం కూడా. కానీ ఆ ర్యాంకు మనసుని కెలుకుతోంది. “ఏమోనండి బాబాయిగారూ” అన్నాను.

ఆయనకి మంచినీళ్ళిచ్చాను, తాగి గ్లాసు గట్టు మీద పెట్టి, వస్తానమ్మా అని వెళ్ళిపోయారు. రత్నని కాలేజీలో చేర్చలేదు. దొంగ ర్యాంకుతో చదివే చదువు మా ఇంటా వంటా లేదన్నారని తరవాత విన్నాను. ఆ ఏడు సీటు ఆ ఏటితోనే పోయింది. తను నా దగ్గరికి రాలేదు, నేనూ వెళ్ళలేదు. రాలేదంటేనే తప్పు చేసినట్టు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తప్పు చెయ్యని మనిషి అయితే వచ్చి నాలుగు దులపదూ అనుకున్నాను.

రెండో ఏడు నాకు ఆఖరి అవకాశం. ఈసారి నాన్న నన్ను తెనాలి పంపారు, అక్కడ ఒక రిటైరైన లెక్చరరుగారు తన ఇంటి ముందుగదిలో ఈ పరీక్షకి తర్ఫీదు ఇచ్చేవారు. మేమంతా మాస్టారు అనేవాళ్ళం. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే, చుండూరు దాటేసరికి కిటికీలోంచి తడి మట్టి వాసన కొట్టేది, నాట్లకి వంగిన ఆడవాళ్ళు రైలు వంక చూసేవాళ్ళు కారు. నేను పెట్టెలో ఉన్న ప్రతివాడి చేతిలోని పుస్తకం వంకా చూసేదాన్ని, వీడూ అదే పరీక్షకా అని. మాస్టారి ఇంట్లో నోట్సు ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. ఒకమ్మాయి నా పెన్సిలు అడిగితే, మొన విరిగిందని అబద్ధమాడాను. నా డబ్బా టిఫిను కూడా గోడవైపు తిరిగి తినేదాన్ని.

ఒక రోజు మాస్టారు అసలు పరీక్షలాంటి సున్నాల కాయితాలు అచ్చు వేయించి తెచ్చారు, అలవాటు అవుతుందని. ఆయన ఒకప్పుడు ఇలాంటి పరీక్షలు దిద్దేచోట కొన్నాళ్ళు పనిచేశారు. కాయితం చేతికి రాగానే నేను పైన శ్రీరామ రాశాను, తేదీ వేశాను, కళ్ళకద్దుకున్నాను. మాస్టారు నా పక్కనే ఆగిపోయారు. పోయినేడు కూడా ఇలాగే రాశావా అని అడిగారు. అవునండి అన్నాను. తేదీ కూడానా అన్నారు. లేదండి, కుడిమూల చోటు లేకపోతే వదిలేశాను, శ్రీరామ మటుకే అన్నాను. ఆయన ఎర్ర పెన్ను తీసి దాని చుట్టూ గీత గీశారు. “అమ్మాయ్, ఇక్కడున్న నాలుగు సున్నాలూ ఎందుకనుకుంటున్నావు? నీ ప్రశ్నల పుస్తకం ఎ రకమో, బి రకమో మిషనుకి చెప్పడానికి. నీ రామనామం బి మీదుగా సి మీదకి పోయింది. మిషనుకి రాముడు తెలీదు. నీ జవాబులన్నీ వేరే పుస్తకం జవాబులతో పోల్చి దిద్దుకుంటూ పోయుంటుంది.”

అందరూ నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది, మొదట. ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బరువు దిగింది, నేను మొద్దుని కాను. తరవాత ఎవరో అడిగారు, అసలు నాలుగు రకాల పుస్తకాలెందుకు మాస్టారూ అని. ఆయన బోర్డు వైపు నడుస్తూ చెప్పారు, ముందు బల్లకి ఒక రకం, వెనక బల్లకి ఇంకో రకం ఇస్తారు, ప్రశ్నల వరస మారిపోతుంది, ఒకళ్ళ కాయితం చూసి ఇంకొకళ్ళు రాస్తే రాసినవాడే మునుగుతాడు అని. ఆ మాట విన్నాక నేను పెన్సిలు కింద పెట్టేశాను. రత్న నా కాయితం చూసి రాయడానికి వీల్లేదు. చూసి ఉంటే తనకే నష్టం. ఆ ర్యాంకు తనది, పూర్తిగా తనదే.

ఇక్కడ నేను నా గురించి ఒక సంగతి చెప్పాలి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది. ఆ రోజుకి ఆ ఏటి దరఖాస్తులకి ఇంకా గడువుంది. రత్నకి పెళ్ళి మాటలు నడుస్తున్నాయని తెలుసు గానీ ముహూర్తం పెట్టుకోలేదు. బాపట్లలో బస్సెక్కితే పిట్టలవానిపాలెం ఎంతసేపు? సాంబయ్యగారి ముందు నిలబడి, మీ పిల్ల తప్పు లేదండి, నాదే పొరపాటండి అంటే, ఆయన ఎలాంటి మనిషో నాకు తెలుసు, ఆ మర్నాడే ఫారం తెప్పించేవారు. రోజూ బస్టాండు ముందు నుంచే స్టేషనుకి వెళ్ళేదాన్ని. రేపు వెళదాం అనుకునేదాన్ని. సిగ్గుపడి వెళ్ళలేదని చాలాకాలం నమ్మాను. అది సగమే. సీట్లు కొన్నే ఉన్నాయి, తను రాస్తే నాకంటే బాగా రాస్తుంది. ఈ మాట కాయితం మీద పెట్టడానికి నాకు ముప్ఫై ఏళ్ళ పైన పట్టింది. గడువు అయిపోయింది. వైశాఖంలో రత్న పెళ్ళయి రేపల్లె వెళ్ళిందని తెలిసింది. నేను కాయితం మీద ఏమీ రాయకుండా, కళ్ళకద్దుకోకుండా పరీక్ష రాశాను. మంచి ర్యాంకు వచ్చింది. తాతయ్య వీధిలో అందరికీ పటికబెల్లం పంచారు. శ్రీరామ రాశావా అమ్మడూ అని అడిగితే, రాశానని చెప్పాను.

చదువుకున్నాను, అద్దాల గదిలో కుర్చీ కూడా వచ్చింది. మనుషుల్ని నిలబెట్టి మాట్లాడాను. నా కింద పనిచేసినవాళ్ళు నన్ను తెలివైనదని అన్నారు గానీ, ఇంటికి పిలిచినవాళ్ళు తక్కువ. ఇప్పుడు పరీక్షలన్నీ కంప్యూటర్ల మీద. మా వీధిలో ప్రతి గుమ్మానికీ ఒక కెమెరా ఉంది. మామ్మ వేసే ముడిని ఇప్పుడు ఫోనుకి వేసుకుంటున్నారు, మొహం చూపిస్తే గానీ తెరుచుకోదు. ఒకప్పుడు మా వంటింటికే పరిమితమైన జబ్బు ఊరంతా మర్యాదగా చెలామణీ అవుతోంది. నాకు మాత్రం దాని రుచి పోయింది.

రేపల్లెలో రత్నకి ఎరువులు, పురుగుమందుల పెద్ద దుకాణం ఉంది. పెళ్ళయిన కొత్తలో చిన్న కొట్టట, అది తనే పెంచింది. నేను వెళ్ళేసరికి గల్లా బల్ల దగ్గర కూర్చుని ఒక రైతుని కేకలేస్తోంది, ఇంత మందు ఎందుకు కొడతావు బాబాయ్, సగం చాలని. అదే గొంతు. నన్ను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు, ఆ తరవాత లేచి రెండు చేతులూ పట్టుకుంది. లోపలికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చింది. పిల్లల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. వెళ్ళిపోదామా అని రెండుసార్లు అనుకుని, మూడోసారి సంచిలోంచి కాయితం తీసి, తెనాలి మాస్టారు గీసిన గీత సంగతి చెప్పి ఇచ్చాను.

రత్న కళ్ళజోడు పెట్టుకుంది. ఎర్ర గీత చూసి ఫక్కున నవ్వింది. “ఇందుకేగదే ఆ రోజు నిన్ను పిలిచింది. సారేమో కాయితం మీద పిచ్చిగీతలు పెట్టొద్దంటన్నాడు. నువ్వేమో అప్పటికే కళ్ళకద్దుకున్నావు. నువ్వు కళ్ళకద్దుకున్నావంటే పైన రాసేసినట్టేగా, నాకు తెలీదా? తుడిచెయ్యవే అని చెబుదామని రెండుసార్లు పిలిచా. మూడోసారి పిలిస్తే కాపీ అనుకుంటారని భయమేసి నోరు మూసుకున్నా.”

చేతిలో కప్పు కింద పెట్టేశాను. బయటికొచ్చాక కూడా అదే చెప్పబోయిందట, ఎవరినైనా అడిగి సరిచేయించుకోవచ్చేమో అని. నేను బస్సు పోతుందన్నాను. తెలుసు, నాకు గుర్తే. వాళ్ళ నాన్న మా వసారాలో నిలబడి వచ్చిన రోజు గురించి ఏమైనా అంటుందేమోనని చూశాను.  తన దృష్టి కాయితం మీదే ఉంది. పురుగుమందు డబ్బాలు అమ్మే మనిషికి చెయ్యి ముందు తేదీ మీదకే పోతుంది కాబోలు. తన వేలు మెల్లగా పక్కకి జరిగి, కుడిమూల నేను రాసిన తేదీ దగ్గర ఆగింది. తాతయ్య నేర్పిన తేదీ.

“ఇది నీకు ఈ రోజున తెలిసిందా?” అంది. గొంతు తగ్గింది. “అప్పటికింకా ఫారాలకి గడువుంది కదే వసూ. నేను ఫారం తెచ్చి పెట్టెలో దాచుకున్నా. నువ్వొస్తావేమోనని.”

నాలిక చివర ఆ పాత మాటే ఉంది. ఏమోనే, గుర్తులేదు అంటే సరిపోతుంది, ఇంత వయసులో ఎవరు కాదంటారు? నేను తన మొహం చదవబోయాను, చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే కదా, కానీ కళ్ళలో నీళ్ళుంటే ఎదుటిమనిషి మొహం కనపడదు.

“ఉంది. నాకు తెలుసు. తెలిసే రాలేదు” అన్నాను.

దుకాణంలోంచి ఎవరో పిలిచారు. వస్తున్నానని కేకేసింది గానీ లేవలేదు. కాయితాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచింది. “ఇది నా దగ్గరుంచుకుంటానే” అని చెప్పి, బీరువా తెరిచి, లోపల పెట్టి తాళం వేసింది. ఎందుకు అని నోటిదాకా వచ్చింది. అడగలేదు.